తలుపు వెనక బొమ్మ

ఆమె ఎదుట ఉన్నంతసేపూ అందరూ మేడం అంటారు. అటు తిరిగిందో లేదో సైరన్ అంటారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. మోగాల్సిన చోట మోగకపోతే సైరన్ ఎందుకు, అని ఊరుకుంటుంది.

ఫైర్ సర్వీసులో కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పడం ఆమె పని కాదు. ఆ పాఠం చెప్పేవాళ్ళని తయారుచెయ్యడం ఆమె పని. అంటే, ఏళ్ళ తరబడి మంటలార్పి కళ్ళు నెత్తికెక్కిన మహానుభావుల్ని తీసుకొచ్చి బెంచీల మీద కూర్చోబెట్టి, "నాయనా, నీకొచ్చు, ఒప్పుకున్నాం. ఎదుటివాడికి ఎలా వస్తుందో అది ఆలోచించు" అని నెత్తీ నోరూ కొట్టుకోవడమన్నమాట. ఇలాంటి ఉద్యోగం పగవాడికి కూడా వద్దని రోజూ భర్త దగ్గర వాపోతుంది. ఆయన దర్జీ. సూదిలో దారం ఎక్కిస్తూ, "మరి మానెయ్యరాదూ" అంటాడు. "మానేస్తే వీళ్ళని ఎవరు భరిస్తారు?" అని మళ్ళీ ఆయన మీదే విరుచుకుపడుతుంది.

ప్రతి బ్యాచికీ మొదటిరోజు ఒకే పని చెబుతుంది. "వారం రోజుల శిక్షణకి ప్రణాళిక వెయ్యండి. వారం తిరిగేసరికి కుర్రాళ్ళకి ఏం చెయ్యడం వచ్చి ఉండాలో అది ముందు రాయండి." ప్రతి బ్యాచీ ఒకే తప్పు చేస్తుంది. వాళ్ళకి ఏం రావాలో రాయరు, తాము ఏం చెబుతారో రాస్తారు. సోమవారం పైపుల గురించి చెప్పబడును, మంగళవారం నిచ్చెనల గురించి చెప్పబడును. ఒకాయనైతే వారమంతా తన అనుభవాలే నింపేశాడు. గురువారం పొద్దున్న గోడౌన్ మంట, మధ్యాహ్నం గోడౌన్ మంట మిగతా భాగం. ఆమె ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కిటికీలోంచి బయటకి చూస్తూ నిలబడిపోయింది.

ఈసారి బ్యాచిలో ఆమె స్వయానా తమ్ముడు ఉన్నాడు. అదీ ఆమె ఖర్మ.

తమ్ముడు మామూలు మనిషి కాదు. మంటల్లోంచి మనుషుల్ని భుజాన వేసుకుని తెచ్చినవాడు. ఆ భుజం మీదే ఒకసారి పైకప్పు దూలం విరిగిపడింది. ఇక పైపు పట్టకూడదు, నిచ్చెన ఎక్కకూడదు, బరువు లాగకూడదు అని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఇప్పుడు వాడికి ఉన్నవి రెండే దారులు. ఈ కోర్సు పాసై ఇన్‌స్ట్రక్టరు కావాలి, లేదా స్టోరు గదిలో కూర్చుని రిటైరయ్యేదాకా పాత పైపులు తుడుచుకోవాలి. ఆ గదిలో పడితే వాడు మనిషిగా మిగలడని ఆమెకి తెలుసు.

అందుకే ముందుగానే ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. "సార్, మా తమ్ముడికి పరీక్ష నేను పెట్టకూడదు. ఇంకెవరికైనా అప్పగించండి."

"ఇంకెవరున్నారమ్మా?" అన్నాడాయన. "నాకు ఆర్పడం వచ్చు గానీ, నేర్పడం వచ్చినవాణ్ణి పరీక్షించడం నాకేం తెలుసు? కావాలంటే పక్కన నిలబడతా. మీరు కానివ్వండి."

తమ్ముడు ఏ మాట మొదలుపెట్టినా 'నేను'తోనే మొదలుపెడతాడు. నేనైతే ఇలా చేస్తా. నేను వెళ్ళినప్పుడు చూడాలి. నమూనా పాఠం చెప్పమంటే కుర్రాళ్ళని వరసగా నిలబెట్టి, పైపుకి పైపు కలపడం ఒంటిచేత్తో తానే చేసి చూపించాడు. అద్భుతంగా చేశాడు. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"వాళ్ళ చేతులు చూశావా? ఖాళీగా ఉన్నాయి. పాఠం అంతసేపూ ఒక్కడు పైపు ముట్టుకోలేదు."

"చూస్తే కదక్కా వచ్చేది!"

"ఇక్కడ అక్క లేదు."

"చూస్తే కదా మేడం వచ్చేది."

"చూస్తే రాదు. వాళ్ళ చేతిలో పని ఉన్నప్పుడు నీ చేతులు జేబులో పెట్టుకో. తప్పు చెయ్యనీ, తడబడనీ. నువ్వు మాత్రం జేబులోంచి చెయ్యి తియ్యకు." ఈ మాట బ్యాచి బ్యాచికీ చెప్పి చెప్పి ఆమె గొంతు అరిగిపోయింది. వాళ్ళంతా బుద్ధిగా తలూపడం, మైదానంలోకి వెళ్ళగానే కుర్రాడి చేతిలోంచి పైపు లాక్కోవడం, ఇది మామూలే.

పరీక్ష ఇన్‌స్ట్రక్టరుకి కాదు, అతని దగ్గర వారం నేర్చుకున్న కుర్రాళ్ళకి. వాళ్ళకి వస్తే అతను పాసు. మైదానం చివర పొగ ఇల్లు ఉంటుంది. ముందుగది, నడవ, లోపలి గది. గోడలన్నీ మసి. యంత్రంతో లోపల పొగ నింపుతారు. ఊపిరికి చెరుపు చెయ్యదు గానీ కంటికేమీ కనపడదు. కొత్తవాళ్ళు ఇద్దరిద్దరుగా మాస్కులు పెట్టుకుని, గోడని చేత్తో తడుముకుంటూ లోపలికి వెళ్ళి, ఇసుక కూరిన మనిషంత బొమ్మని వెతికి లాక్కురావాలి.

తమ్ముడి కుర్రాళ్ళు ఇలా వెళ్ళి అలా వచ్చేశారు, బొమ్మతో సహా. తర్వాతి జంటా అంతే. ప్రిన్సిపాల్ మొహం వెలిగిపోయింది. తమ్ముడు మీసం దువ్వుకుంటూ, "నేను చెప్పలే?" అన్నట్టు అక్కవైపు చూశాడు.

ఆమె చూస్తున్నది కుర్రాళ్ళ గ్లవుజుల్ని. మసిగోడలు తడుముకుంటూ వచ్చినవాళ్ళ గ్లవుజులు నల్లగా ఉండాలి. ఇవి ఉతికి ఆరేసినట్టున్నాయి.

ఆమెకి విషయం అర్థమైంది. బొమ్మ ఎప్పుడూ లోపలి గది కిటికీ కిందే ఉంటుంది. ఆ ఆచారం ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు గానీ ఎందుకు పెట్టారో మాత్రం తెలుస్తూనే ఉంది. అంత బరువు బొమ్మని మళ్ళీ లోపలికి మోసే ఓపిక ఎవరికీ లేదు. బయటనుంచి కిటికీలోంచి తోసేస్తే చాలు, దబ్బున కింద పడుతుంది. అలా రోజూ తోసేవాళ్ళు తోస్తున్నారు, ఎత్తుకొచ్చేవాళ్ళు ఎత్తుకొస్తున్నారు. కుర్రాళ్ళు నేర్చుకున్నది వెతకడం కాదు, తిన్నగా కిటికీ దాకా పరిగెత్తడం.

ఆమె బొమ్మ కాళ్ళు పట్టుకుని ముందుగదిలోకి ఈడ్చుకెళ్ళి, తలుపు వెనకాల మూలకి చేర్చింది. వచ్చి చేతులు దులుపుకుంది. "ఇప్పుడు పంపించు."

మొదటి జంట ఉత్త చేతులతో వచ్చింది. లోపల ఎవరూ లేరు సార్, అన్నారు. రెండో జంటా అదే మాట. మూడో జంట కిటికీ కింద ఎవరో వదిలేసిన ఇసుక బస్తాని లాక్కొచ్చి, ఇదే దొరికింది అన్నారు. అందరూ ఆ తలుపు తోసుకునే వెళ్ళారు, ఆ తలుపు లాక్కునే వచ్చారు.

"నువ్వు మోసం చేశావ్!" అన్నాడు తమ్ముడు. "బొమ్మ అక్కడుంటుందని ఎవడనుకుంటాడు?"

"మంట నీకు ముందుగా చెప్పి వస్తుందిరా?" అంది. ఆ తర్వాత ప్రిన్సిపాల్ వైపు తిరిగి, "ఫెయిల్. వారం తర్వాత ఇంకొక్క అవకాశం ఉంటుంది. రూలు అందరికీ ఒకటే" అంది.

సాయంత్రం తల్లి దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ వాతావరణం వేడెక్కి ఉంది. తమ్ముడు లోపలి గదిలో తలుపు బిగించుకున్నాడు. తల్లి మూతి ముడుచుకుని బట్టలు మడతపెడుతోంది.

"తోడబుట్టినవాడికి ఆ మాత్రం చెయ్యలేవటే? చిన్నప్పుడు వాడికి దెబ్బ తగిలితే నువ్వు ఏడ్చేదానివి."

"అమ్మా, వాడి దగ్గర నేర్చుకున్న పిల్లలు రేపు నిజం ఇంట్లోకి వెళ్తారు. తలుపు వెనకాల పడున్న మనిషిని దాటుకుని వెళ్ళిపోతారు."

"తలుపు వెనకాల ఎవరు పడుంటారే, చోద్యం కాకపోతే!"

"బయటపడదామని తలుపు దాకా వచ్చినవాళ్ళు. అక్కడిదాకా వచ్చి, అక్కడ కూలబడినవాళ్ళు."

తల్లి చేతిలో మడత ఆగిపోయింది. లోపలి గదిలో అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. మళ్ళీ మడత అందుకుంటూ తల్లి, "అయినా తమ్ముడు కదే" అని గొణిగింది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. రెండిట్లో ఏదీ చెయ్యకుండా ఇంటికొచ్చి మొగుడి మీద అరిచింది.

వారమంతా తమ్ముడు ఆమెతో మాట్లాడలేదు. ఆమె కూడా వాడి మైదానం వైపు వెళ్ళలేదు. వెళితే ఊరుకోలేదు మరి.

పరీక్షరోజు పొగ ఇంటి ముందు కుర్రాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ఇన్‌స్ట్రక్టరు మాత్రం పత్తా లేడు.

"మీ సారు ఏరి?"

"వస్తారు మేడం. మీరు వచ్చాక మొదలుపెట్టమన్నారు. లోపల ఒకళ్ళున్నారు, వెతకండి అన్నారు, అంతే." చెప్పిన అమ్మాయి పీలగా ఉంది. పోయినసారి ఇసుక బస్తా లాక్కొచ్చిన జంటలో ఒకతె. జోడీని వెంటపెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె విసుక్కుంటూ ఇల్లు చుట్టి వచ్చింది. వెనక కిటికీ కింద, బయట, ఎండలో బొమ్మ వెల్లకిలా పడి ఉంది.

ఒక్క క్షణం ఆమెకి ఏమీ తోచలేదు. బొమ్మ ఇక్కడుంటే లోపల ఉన్నదెవరు? ఆ వెధవ తానే వెళ్ళి తలుపు వెనక పడుకున్నాడు! ఆ భుజం వేసుకుని! కుర్రాళ్ళకి దొరికితే ఎక్కడ పట్టి లాగుతారో ఏం తెలుసు?

పరిగెత్తుకొచ్చి ఈల నోటికి ఆనించింది. ఈల ఊదితే పరీక్ష ఆగిపోతుంది. ఆగితే వాడి అవకాశమూ అయిపోతుంది.

"ఊదండమ్మా," అన్నాడు సంగతి విన్న ప్రిన్సిపాల్ కంగారుగా.

లోపల తలుపు కొట్టుకున్న చప్పుడైంది. అమ్మాయి గొంతు, "గోడ వదలకు" అంటోంది. అడుగులు నడవలోకి వెళ్ళిపోయాయి. దాటి వెళ్ళిపోయారు, దాటేశారు, అనుకుంది. వాడి గొంతు వినపడుతుందని చూసింది. ఇంతకాలంలో వాడు ఎదుటివాడికి పని వదిలి నోరుమూసుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు అరుస్తాడు, ఇదిగో ఇక్కడున్నా అంటాడు, అనుకుంది. వాడు అరవలేదు.

ఆమె ఈల నోట్లోంచి తీసి, చెయ్యి జేబులో పెట్టుకుంది. దాన్ని అక్కడ ఉంచడానికి రెండో చేత్తో గట్టిగా పట్టుకోవాల్సొచ్చింది.

అడుగులు నడవలోంచి మళ్ళీ ముందుగదిలోకి వచ్చాయి. తలుపు కిర్రుమంది. "ఇక్కడ! ఇక్కడున్నారు!" అని అమ్మాయి కేక పెట్టింది. కాసేపటికి పొగలోంచి వాళ్ళిద్దరూ వెనక్కి నడుస్తూ ఒక మనిషిని ఈడ్చుకుంటూ వచ్చారు. ఆ భుజమే పట్టుకుని. ఎండలోకి రాగానే మొహం చూసి, "సార్!" అని కెవ్వుమన్నారు.

తమ్ముడి పెదవి పంటి కింద తెగి రక్తం చిమ్మింది. మొహమంతా చెమట.

"ఎవరినడిగి చేశావురా? మనిషిని బొమ్మ బదులు పెట్టకూడదని రూలుందా లేదా? నీ మీద రిపోర్టు రాయకపోతే నా పేరు మార్చుకుంటా! నీకు బుద్ధి, జ్ఞానం…" ఆమె మోగుతూనే ఉంది. మైదానమంతా వినపడింది.

వాడు మెల్లగా లేచి కూర్చున్నాడు. ఇక మొదలవుతుంది 'నేను' అని ఆమె ఎదురుచూసింది.

"ఆ అమ్మాయి మొదట దాటి వెళ్ళిపోయింది," అన్నాడు. "మళ్ళీ తనంతట తనే వెనక్కొచ్చి తలుపు వెనక తడిమింది. ఎవ్వరూ చెప్పలా. వాళ్ళ గ్లవుజులు చూడక్కా."

ఆమె చూసింది. నాలుగూ బొగ్గులా ఉన్నాయి. ఇక్కడ అక్క లేదు అనడం మర్చిపోయింది.

"పాస్ రాసుకోండి సార్," అంది ప్రిన్సిపాల్‌తో. "రిపోర్టు కూడా రాస్తా. రెండూ రాస్తా." తర్వాత వాడి పక్కన నేలమీద కూలబడి, "భుజం ఎలా ఉందిరా?" అని అడిగింది.

"ఏ భుజం?" అన్నాడు వాడు. వాడి కళ్ళు మాస్కులు సర్దుకుంటున్న రెండో జంట మీదే ఉన్నాయి.