కంగారులో ఉన్నవాళ్ల కోసం ఒక పేజీ

మా ఆఫీసు అక్క పోయిందని మంగళవారం పొద్దున ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "నిద్రలోనే పోయిందండీ," అన్నాడు, నేను అడగకముందే. అప్పటికే ఎంతమందికి చెప్పాడో, గొంతులో తడి ఆరిపోయి ఉంది.

పేరుకు ఆమె నా పై అధికారి. కానీ చెన్నై కోడంబాక్కంలో వెబ్‌సైట్లు తయారుచేసే మా రెండు గదుల ఆఫీసులో అందరికీ అక్కే. నేను గుంటూరు నుంచి కొత్తగా వచ్చినప్పుడు, తరతరాలుగా పెరంబూరులో పాతుకుపోయిన ఆమె ఇంటి తెలుగులో సగం అరవం విని నవ్వు ఆపుకోలేకపోయేదాన్ని. ఆమె కూడా నాతోపాటు నవ్వేది. నాకు పని నేర్పింది ఆమే.

ఆఫీసుకు ఎవరొచ్చినా, కొరియర్ మనిషైనా కింది అంతస్తు టైలరైనా, మేం చేస్తున్న పేజీ ముందు కూర్చోబెట్టేది. వాళ్లు తడబడగానే "ఇక్కడ నొక్కండి" అంటూ నేను చెయ్యి చాపేదాన్ని.

"ఉండు పా, నోరెత్తొద్దు. వాళ్లు ఏడ ఆగతారో ఆడ మన తప్పుండాది," అనేది.

కిందటేడు ఒక ట్రస్టు రక్తదాతల వివరాలతో వెబ్‌సైటు చేసిపెట్టమంది. మా యజమానికి హంగులంటే ఇష్టం. ఆయన చెప్పినట్టే తెర మధ్యలో గిరగిరా తిరిగే రక్తపు బొట్టు తయారుచేశాను. మోడెం మీద అది పూర్తిగా తెరుచుకునేలోపు కాఫీ తాగి రావచ్చు.

"సార్, దీన్ని తీసెయ్యాల," అంది అక్క.

"ట్రస్టు వాళ్లకు నచ్చిందమ్మా."

"ట్రస్టు వాళ్లకు రక్తం అక్కర్లేదు గదా సార్. మనలి ఫ్యాక్టరీలో మా ఇంటాయనకు షిఫ్టులో దెబ్బ తగిలిననాడు, ఆస్పత్రి కాడ ఫోను పుస్తకం పట్టుకోని నిలబడినా. చదువుకున్నదాన్నే. ఒక్క అచ్చరం కంటికి ఆనలేదు. అట్టాంటోళ్లు చూసే పేజీ సార్ ఇది."

ఆమెకు భర్త లేడని మాకు తెలుసు. ఎలా పోయాడో తెలిసింది ఆ రోజే. యజమాని ఆ బొట్టు తీసెయ్యమన్నాడు.

చివరికి మిగిలింది తెల్లటి పేజీ. తమిళంలోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో ఒకటే ప్రశ్న: ఏ గ్రూపు రక్తం కావాలి? నొక్కితే దాత పేరు, పేట, ఫోన్ నంబరు.

కొన్ని నెలల తర్వాత ఒకాయన మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చాడు. పేజీ అడుగున మా పేరు చూశాడట. "నంబరు వెంటనే దొరికిందమ్మా. రక్తమూ దొరికింది," అని తమిళంలో చెప్పి ఆగాడు. "నా భార్య మాత్రం దక్కలేదు. మీకు చెప్పిపోదామని వచ్చాను."

అక్క ఆయనకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, పక్కనే కూర్చుంది. ఆయన వెళ్లాక బాత్‌రూంలోకి పోయి తలుపేసుకుంది. ముఖం కడుక్కుని వచ్చి నా పక్కన నిలబడింది.

"చావును ఆపేది మన చేతుల్లో లేదు పా. వెతుకులాటన్నా తగ్గించినాం," అంది. ఫోను దగ్గరికి లాక్కుని, "ఆ నంబర్లన్నీ ఇంకా పలకతా ఉండాయో లేదో, చూద్దాం రా," అంది. ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం కూర్చుని దాతలకు ఫోన్లు చేశాం.

ఆమెకు జబ్బు చేసిందనీ, అది ముదిరిందనీ మాకు ఆలస్యంగా తెలిసింది. కిందటి నెల పెరంబూరు వెళ్లాను. తమ్ముడి రైల్వే క్వార్టర్స్‌లో, కిటికీ పక్క మంచం మీద పడుకుని ఉంది. ఏం తెచ్చావు, ఏం తిన్నావు అని అడిగింది. ఆఫీసు సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

సాయంత్రం రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగింది. లేపమని సైగ చేసింది. వీపు కింద చెయ్యి వేసి కూర్చోబెట్టాను, పసిపిల్ల బరువు కూడా లేదు. కిటికీ కింద షిఫ్టు దిగినవాళ్లు సైకిళ్ల మీద బారులు కట్టి, గంటలు మోగిస్తూ, అరుచుకుంటూ పోతున్నారు. ఆమె తల నా భుజానికి ఆనింది. చివరి సైకిల్ మలుపు తిరిగేదాకా అలా చూస్తూనే ఉంది.