తలుపు సందులో నల్లబండ

ఆరోజు పొద్దున ఆరు గంటలకు మా అపార్ట్‌మెంటు గాజు తలుపు తెరిచి, అది మళ్లీ మూసుకోకుండా సందులో ఒక నల్లబండ ముక్క పెట్టాను. మెట్లకు పరిచినప్పుడు మిగిలిపోయి జనరేటర్ పక్కన పడి ఉన్న బండ అది. రెండు చేతులతో మోసుకొచ్చేసరికి నడుము పట్టేసింది. బయట మెట్ల మీద కూర్చుని ఉన్న మా పనావిడతో, "లోపలికి రామ్మా" అన్నాను. ఆమె వచ్చింది. కాసేపటికే తలుపు మోత మొదలుపెట్టింది.

ఎక్కువసేపు తెరిచి ఉంటే అరవడం ఆ తలుపుకు నేర్పిన పనుల్లో ఒకటి. సన్నగా, ఆగకుండా, పంటి కింద ఇసుక పడినట్టు ఉంటుంది ఆ మోత. పై అంతస్తు దాకా వినపడుతుంది. వినపడాలనే పెట్టాను.

మాది కడపలో ఒక మామూలు అపార్ట్‌మెంటు. పత్రికలో ఉద్యోగం ముగించుకుని నేను మూడో అంతస్తులో ఉంటున్నాను. ఒకప్పుడు మాకు వాచ్‌మన్ ఉండేవాడు. కార్డు చూపిస్తే తెరుచుకునే తలుపు వచ్చాక అతనితో పనిలేదని పంపేశారు. ఇళ్లవాళ్ల కార్డులు ఏ వేళకైనా పనిచేస్తాయి. పనివాళ్ల కార్డులకు మాత్రం గంటలు పెట్టారు. పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా తలుపు తీస్తుంది. ఆ వేళ కాకపోతే ఎర్రలైటు వెలుగుతుంది, తలుపు కదలదు.

ఈ ఎండాకాలం మొదట్లో తలుపును నడిపే కంప్యూటర్ చెడిపోయింది. కర్నూలు నుంచి మెకానిక్ వచ్చాడు. మా తలుపు సాఫ్ట్‌వేర్ ఎంత పాతదంటే, కొత్త కంప్యూటర్లు దాన్ని తీసుకోవు. అందుకని అతను దానికి తగ్గ ముసలి కంప్యూటర్ ఒకటి వెతికి తెచ్చి, అందులో ఎక్కించి పోయాడు. మర్నాటి నుంచి అందరి కార్డులూ మళ్లీ పనిచేశాయి. బాగైందనుకున్నాం.

మా పనావిడకు మాత్రం తెరుచుకోలేదు. మిగతా పనివాళ్లు ఎండెక్కాక వస్తారు. అప్పటికి తలుపు దగ్గర ఎవరో ఒకరు వస్తూ పోతూ ఉంటారు కాబట్టి వాళ్ల వెనకే లోపలికి పోయేవాళ్లు. ఈవిడకు ఈ బిల్డింగులోనే నాలుగిళ్లు ఉన్నాయి, ఎండ ముదరకముందే ముగించుకోవాలి. అందుకే రైలుకట్ట అవతలి నుంచి చీకటితోనే బయలుదేరుతుంది. వచ్చి, కార్డు పెట్టి, ఎర్రలైటు చూసి, నడకకు పోయినవాళ్లు తిరిగొచ్చేదాకా మెట్ల మీద కూర్చునేది. ఒకసారి బెల్లు నొక్కితే, నిద్ర చెడగొడుతున్నావని రెండో అంతస్తు ఇల్లాలు కసిరింది. ఆ ఇంట్లో పిల్లలు బడికి పోయేవేళకు గిన్నెలు కావాలి. వరసగా ఆలస్యమయ్యేసరికి ఇక రావద్దన్నారు. ఐదో అంతస్తువాళ్లు కూడా ఆ మాటే అనబోతున్నారు.

"నాలుగిండ్లలో ఒకటి పాయ. ఇంకోటి పోతాండాది" అని నాతో అన్నది. ఏడవలేదు. కోపంగా అన్నది.

మా అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీకి ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర లారీలు ఉన్నాయి. అడిగితే ఆయన, "కార్డు నీళ్లల్లో నానేసింటాది సార్. గిన్నెలు తోముతా నడుముకు చెక్కుకుంటారు గదా" అన్నాడు. కొత్త కార్డు ఇప్పించాడు. దానికీ ఎర్రలైటే. అప్పుడు మెట్ల దగ్గర నిలబడి నాతో, "టయానికి రాకుండా తలుపు మీద చెప్తాండాది సార్" అన్నాడు. వెనకనుంచి ఆమె వింది.

"ఏమప్పా, నేను టయానికి వస్తాండానో లేదో నీకెట్ల తెలుస్తాది? ఆ యాలకు నువ్వు లేచింటే గదా."

సెక్రటరీ లిఫ్టు ఎక్కి పోయాడు.

తర్వాత ఒకరోజు ఆమె మా ఇంట్లో టిఫిన్ డబ్బా మరిచిపోయి, దానికోసం మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. పైకొచ్చి వాకిట్లో నిలబడి, "సార్, ఇదేం దెయ్యమో, ఈ యాలప్పుడు తెరుచుకుంటాండాది" అన్నది. అదే కార్డు, అదే తలుపు.

పత్రికలో ఒకే సంఘటన మీద రెండు వార్తలు రెండు రకాలుగా వస్తే, ఎవరు ఏ వేళకు అక్కడున్నారని ముందు అడిగేవాళ్లం. మెట్ల కింది గదికి పోయి, తలుపును నడిపే కంప్యూటర్ తెర వెలిగించాను. మా పాత ఆఫీసులో పేజీలు పెట్టిన రోజులనాటి బూడిదరంగు కిటికీ ఒకటి కనిపించింది. దాని మూలన టైము చూశాను. నా చేతి గడియారంలో మధ్యాహ్నం ఒకటిన్నర. తలుపుకు పొద్దున ఏడున్నర. తేదీ కూడా ఒకరోజు వెనక ఉంది. మా తలుపు నిన్నలో బతుకుతోంది. మనకు పొద్దున ఆరైతే దానికి అర్ధరాత్రి. అర్ధరాత్రి వేళ పనివాళ్లను రానివ్వొద్దని దానికి చెప్పారు, అది రానివ్వలేదు. వేళతో పనిలేని కార్డులవాళ్లకు ఏ తేడా తెలియలేదు. సరిచేద్దామని నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది.

సెక్రటరీని పిలిచి చూపించాను. ఆయన తడుముకోలేదు.

"అది నేనే పెట్టించినా సార్. మెకానిక్ వచ్చింది మంగళవారం మూడున్నరకు. మంగళవారం, అందులోనూ రాహుకాలం. ఎట్ల మొదలుపెడతాం? నాలుగున్నర దాకా ఉండప్పా అంటే కర్నూలు బస్సు పోతాది అన్నాడు. సరే, దాంట్లో సోమవారం పొద్దున తొమ్మిదిన్నర పెట్టి నొక్కు అంటి. టెంకాయ గూడా కొడ్తిమి. మీరు గూడా తిన్యారు గదా."

"తిన్నాను. తర్వాత సరిచేయలేదా?"

"ఆయప్ప బస్సుకు ఉరికె. తలుపు బాగనే తెరుచుకుంటాండాది గదా అని ఇడిచిపెడ్తి."

రాహుకాలం చూసినందుకు ఆయన్ని నేను ఎగతాళి చేయను. మా ప్రెస్సులో కొత్త మిషన్‌కు మేమూ గుమ్మడికాయ కొట్టాం. కాని మర్నాటి పేపరు మీద మర్నాటి తేదీనే వేశాం.

మెకానిక్‌కు ఫోన్ చేశాం. ఆ సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ ఎప్పుడో వదిలేసిందనీ, కొత్తది పెట్టుకోమనీ, పాస్‌వర్డ్ ఫోన్లో చెప్పే రూలు లేదనీ అన్నాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. నెలాఖరు మీటింగులో మాట్లాడదామన్నాడు సెక్రటరీ. "అంతదాకా ఆమెనే కొంచెం సర్దుకోమనండి సార్."

ఈ మాట నేను ఉద్యోగంలో ఎన్నో ఆఫీసుల్లో విన్నాను. సర్దుకోమని చెప్పేవాళ్లు మారుతుంటారు. సర్దుకోవలసినవాళ్లు మాత్రం మారరు. అయినా ఆమెకు చేరవేశాను.

"ఎట్ల సర్దుకోవాల సార్? మధ్యాన్నమొచ్చి మీ పొద్దుటి కాఫీ గ్లాసులు కడగల్నా?"

నా కార్డు తీసుకొమ్మన్నాను. చెయ్యి చాపలేదు.

"మీ కార్డుతో వస్తే నాదే తప్పని ఒప్పుకున్నట్లే గదా. నాకొద్దు. నా కార్డుకే తెరుచుకోవాల."

ఆ మాట విన్నాక నెలాఖరు దాకా ఆగబుద్ధి కాలేదు. మర్నాడే బండ పెట్టాను.

మోతకు ఒక్కొక్కరే కిందికి దిగారు. సెక్రటరీ లుంగీ మీద, సగం పెట్టుకున్న విభూతితో వచ్చాడు.

"ఏంది సార్ ఇది? దొంగలు పడరా?"

"పడతారనుకుంటే మళ్లీ వాచ్‌మన్‌ను పెట్టుకుందాం."

"పెద్దోళ్లు, మీరే ఇట్ల చేస్తే ఎట్ల?"

"పెద్దవాణ్ణి కాబట్టే చేస్తున్నా. నన్ను పనిలోంచి తీసేసేవాళ్లు ఎవరూ లేరు."

ఐదో అంతస్తు ఆవిడ చెవులు మూసుకుని, "ఎవరిదన్నా తప్పుగానీ నాయనా, ముందు దాన్ని ఆపండి. తలకాయ పగిలిపోతాండాది" అన్నది. సెక్రటరీ బండ తీయడానికి వంగాడు. అప్పటికే మా ఇంట్లో గిన్నెలు నానబెట్టి కిందికొచ్చిన పనావిడ, చీర కొంగు దోపుకుని ఆ బండ మీద కూర్చుంది.

"లెయ్యమ్మే."

"లేయను. ఆ గడియారం సరిచేయి, లేస్తా."

"చేస్తాంలేమ్మే. మీటింగు ఉండాది గదా."

"మీటింగు నీకు. నాకు గిన్నెలుండాయి. తొందరగా చేయప్పా."

ఎవరో నవ్వారు. ఐదో అంతస్తు ఆవిడ నవ్వలేదు, సెక్రటరీ వైపే చూస్తూ నిలబడింది. ఆయన ఫోన్ తీశాడు. ఈసారి మెకానిక్ ఎత్తాడు. సెక్రటరీ ఏమీ మాట్లాడకుండా ఫోన్‌ను మోత దగ్గర పెట్టాడు. రూలు సంగతి ఏమైందో తెలియదు, అవతలి నుంచి పాస్‌వర్డ్ వచ్చింది. అది మా బిల్డింగు పేరే. తలుపు మీద అరచేతులంత అక్షరాలతో రాసి ఉంది.

మెట్ల కింది గదిలో సరైన తేదీ, టైము కొట్టాక సెక్రటరీ వేలు కాసేపు ఆగింది. "ఈరోజు దుర్ముహూర్తం ఎప్పుడు సార్?" అన్నాడు నెమ్మదిగా. నేను ఇంకా మోగుతున్న తలుపు వైపు చూపించాను. నొక్కాడు.

బండ తీశాం. మోత ఆగింది. లోపలే ఉన్న ఆమె కావాలని బయటికి పోయి, తలుపు పూర్తిగా మూసుకునేదాకా నిలబడి, తన కార్డు పెట్టింది. పచ్చలైటు వెలిగింది. లోపలికి వచ్చి, ఎవరి వైపూ చూడకుండా మెట్లెక్కి పోయింది.

ఆరోజు పని ముగించుకుని పోతూ నన్నొక మాట అడిగింది. "ఆ గంటలు ఎవరు పెట్నారు సార్? నేనెప్పుడు రావాల్నో నాకు తెలీదా?"

నెలాఖరు మీటింగులో ఆ ప్రశ్న నేను పెట్టాను. పాస్‌వర్డ్ చేతిలో ఉంది, గంటలు తీసేయడం చిటికెలో పని అన్నాను. సెక్యూరిటీ అన్నారొకరు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు చూద్దామన్నారు ఇంకొకరు. ఏదీ తేల్చలేదు. వచ్చే మీటింగులోనూ పెడతాను, ఆపైన దానిలోనూ పెడతాను. నాకు వేరే పనేమీ లేదు.

ఐదో అంతస్తు ఇల్లు ఆమెకు నిలిచింది. రెండో అంతస్తువాళ్లకు తప్పు తలుపుదేనని నేనే పోయి చెప్పాను. తెలుసన్నారు. ఆమెను మాత్రం ఇంతవరకు తిరిగి పిలవలేదు.