ఎడారి బల్లితో నరసాపురం కాలువ మీద

పడమటి ఎడారి నుండి తెప్పించిన ముళ్లతోక బల్లిని నరసాపురంలోని దొరగారికి ప్రాణంతో అప్పగిస్తే నాకు సర్వే పనిలో చోటు. అది చస్తే మళ్లీ కాలువ లాకు తలుపుల మరలు లెక్కపెట్టుకోవడమే. ఈ షరతు మీద పుష్యమాసంలో ఒకనాటి ఉదయం ఆరు గంటలకు విజ్జేశ్వరంలో పడవ ఎక్కాను. పడవవాడు నాకు ఆరణాలు పుచ్చుకున్నాడు, బల్లి ఉన్న బుట్టకు ఏమీ పుచ్చుకోలేదు.

బల్లి పొడవు పదమూడున్నర అంగుళాలు. తోక చుట్టూ వరుసలుగా ముళ్లు. వారం క్రితం ఇరవై తులాలు తూగినది ఆనాటికి పదిహేడుకు దిగింది. బల్లి గనుక పురుగులే తింటుందని పూటకు ఆరు మిడతలు, రెండు బొద్దింకలు వేశాను. ఒక్కటీ ముట్టలేదు. బుట్టలో మిడతలే కులాసాగా ఉన్నాయి.

"చలికి బిగుసుకుపోయిందండీ, ఎండలో పెట్టండి," అంది ఎండుచేపల గంపతో ఎదురుగా కూర్చున్న మంగమ్మ.

తొమ్మిదింటికి బుట్టను పడవ కప్పు మీద పెట్టి మూత తీశాను. అరగంటలో దాని నల్లని ఒళ్లు ఇసుక రంగుకు తేలింది. గడియారం చూసి ఆ సంగతి రాసుకుని తల ఎత్తేసరికి బుట్ట ఖాళీ. కప్పు అంచుకు ఆనుకుని కునుకుతున్న పురోహితులు సోమయాజులుగారి నడినెత్తిన ఉంది బల్లి.

"కదలకండి పంతులుగారూ! తమరి తల మీద బల్లి!"

ఆయన మెడ కదపకుండానే సంచిలోంచి పంచాంగం తీసి నాకందించారు. "శిరస్సుకు ఏం ఫలమో చదవండి."

"కలహమండి."

"అయితే కాలువలోకి విసరండి దాన్ని!"

"అది చస్తే నా ఉద్యోగం పోతుందండీ! పైగా పడలేదు, ఎక్కింది."

"ఎక్కితే తొండ ఫలం చూడాలి. ఇది తొండా, బల్లా? తేల్చండి!"

"కలహం మొదలైపోయిందండీ," అంది మంగమ్మ.

అంతలో నమిలిన చప్పుడు. పిలకలో ముడుచుకున్న ప్రసాదం చామంతిని బల్లి రేకు రేకుగా తింటోంది.

"చేప కాదు, పురుగు కాదు, పువ్వు! మీవాళ్లేనండీ పంతులుగారూ!" అంది మంగమ్మ.

వారం రోజులు శాకాహారికి బొద్దింకలు వడ్డించినందుకు నాకు సిగ్గేసింది. సోమయాజులుగారి ముఖం మెత్తబడింది. "పాపం, పస్తున్నా నియమం తప్పలేదు," అని బల్లిని బుట్టలోకి దింపి, పూజకు దాచుకున్న పూలన్నీ దాని ముందు పోసి, మధ్యాహ్నం తమ ఊరి లాకు దగ్గర దిగిపోయారు.

మర్నాడు పదకొండింటికి దొరగారి త్రాసులో పద్దెనిమిదిన్నర తులాలు తూగింది. నాకు సర్వే పని ఖాయమైంది. ఇలాంటి జీవితో ఈ కాలువ మీద ప్రయాణించేవారు ఎండ, పూలు చూసుకుంటే చాలు. పంచాంగం పక్కవారి దగ్గర ఎలాగూ ఉంటుంది.

తిరుగు పడవ ఆ లాకు దగ్గర ఆగినప్పుడు సోమయాజులుగారు గట్టు మీదే నిలబడి ఉన్నారు. "మా సహపంక్తివారు కులాసానా అండీ?" అంటూ పడవలోకి తొంగిచూశారు.

పిలకలో ఈసారి రెండు చామంతులున్నాయి. నా ఖాళీ బుట్టను చూసి, ఆయన మెల్లగా ఒకటి తీసి చేతిలో పట్టుకున్నారు.