కుర్చీ చేతి మీద పంటిగాటు

ఆ రోజుల్లో పిల్లాడికి పళ్ళు వస్తున్నాయంటే ఇంటిల్లిపాదికీ పనే. ఇప్పుడు మందుల షాపుకి వెళ్తే, పళ్ళొచ్చే పిల్లలు కొరుక్కోవడానికి రంగురంగుల రబ్బరు ఉంగరాలు దొరుకుతున్నాయి. ఫ్రిజ్జులో పెట్టి చల్లగా ఇవ్వమని అట్టపెట్టె మీద రాసి కూడా ఉంటుంది. అరవయ్యో దశకం చివర్లో మా రాజాంలో రబ్బరు ఉంగరాలూ లేవు, మా వీధిలో ఫ్రిజ్జూ లేదు. ఉన్నవల్లా కర్ర సామాన్లు. వాటిలో పిల్లాడికి ఏది రుచిస్తే అది కొరుక్కునేవాడు. అలాంటి ఒక కొరుకుడు వల్ల నా మొట్టమొదటి ఉద్యోగం చేరకముందే ఊడబోయిందంటే ఈ కాలం పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. అప్పుడు మాత్రం నాకు ఏడుపే వచ్చింది.

మా అప్పకి (మా వైపు అక్కని అప్ప అంటాం) పాతపట్నంలో అత్తవారిల్లు. ఎనిమిదో నెల వచ్చిన కొడుకు చిగుళ్ళ దురదతో పగలూ రాత్రీ ఏడుస్తున్నాడని, ఆ ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదని తెలిసి, మా మామ్మ, అంటే మా నాన్నని కన్నతల్లి, "పంపీండి, నాను సూసుకుంతాను" అని కబురు పెట్టింది. వాళ్ళు మర్నాటి బస్సుకే తల్లినీ బిడ్డనీ పంపేశారు. ఆ వచ్చినవాడికి బారసాలనాడు పెట్టిన పేరు ఒకటుంది కానీ, మూడో రోజుకి మా నాన్న "సెదపురుగు" అని పెట్టిన పేరే స్థిరపడింది. మామ్మ వాడికి ఎండు ఖర్జూరం ఇచ్చి చూసింది, ఉడికించిన తాటి తేగ ఇచ్చి చూసింది, నీళ్ళలో తడిపిన గుడ్డ, చల్లటి వెండి గిన్నె, అన్నీ ఇచ్చి చూసింది. వాడు ఒక్కొక్కదాన్నీ మర్యాదగా పుచ్చుకుని, దూరంగా విసిరేసి, మంచం పట్టె దగ్గరికి పాకేవాడు. మంచం అయ్యాక పీట, పీట అయ్యాక రేడియో స్టూలు కాలు, చివరికి మా నాన్న పడక కుర్చీ. ఆ కుర్చీ పర్లాకిమిడి నుంచి తెప్పించిన టేకుతో చేయించింది. అందులో నాన్న తప్ప ఇంకెవరూ కూర్చోకూడదు. కొరకకూడదని మాత్రం ఆయన ఎప్పుడూ చెప్పి ఉండలేదు, ఆ అవసరం వస్తుందని అనుకోలేదు కాబట్టి.

నేను విజయనగరంలో బి.యస్సీ. పాసై, ఏడాదిగా ఇంట్లో ఖాళీగా ఉన్నాను. ఉద్యోగం లేని మేనమామని మించిన ఉయ్యాల ఇంకేముంటుంది? పొద్దున్న లేస్తే వాడు నా ఎడం భుజం మీదే. నేను వీధిలో అటూ ఇటూ తిరుగుతుంటే వాడు నా చొక్కా భుజం నములుతూ కాస్త ఊరుకునేవాడు. ఆ చొంగతో నా చొక్కాలన్నిటికీ ఎడం వైపు ఒకటే మరక. దారిలో ఎదురైనవాళ్ళు "ఏటిరా, పట్టా సదివి ఆయా ఉజ్జోగం పట్టినావా?" అనేవాళ్ళు. నేను ఇంగ్లీషులో ఏదో గొణిగి ముందుకి పోయేవాణ్ణి.

అలాంటి సమయంలో ఒక బుధవారం నాకు విశాఖపట్నంలో గుమాస్తా ఉద్యోగానికి ఆర్డరు వచ్చింది. సోమవారం ఉదయం పది గంటల లోపు చేరాలి, చేరకపోతే జాబితాలో తర్వాతివాడికి ఇచ్చేస్తాం అని అందులో స్పష్టంగా ఉంది. నాన్న ఆ కాగితాన్ని తన ధాన్యం కొట్టుకి పట్టుకెళ్ళి వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపించారు (ఇంగ్లీషు రానివాళ్ళకి రెండేసి సార్లు). నేను రేకు పెట్టె దులిపి, భుజం మీద మరకలేని చొక్కాల కోసం వెతికి, దొరక్క, అవే సర్దుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం బస్సుకి ప్రయాణం ఖాయమైంది.

శుక్రవారం పొద్దున్న మామ్మ పడక కుర్చీ తుడుస్తూ ఆగిపోయింది. ఆవిడకి రెండు కళ్ళలోనూ శుక్లాలు, చూపు మసక. ఆవిడ చూపంతా వేళ్ళలోనే ఉండేది. కుర్చీ చేతి మీద ఒకేచోట వేలు మూడుసార్లు రాసి, "ఒలే, ఇలగ్రా" అని మా అమ్మని పిలిచింది. అంతవరకూ ఆ కుర్చీ మీద చొంగ తడి తప్ప గాటు అనేది లేదు. ఇప్పుడు చేతికి పైభాగాన గోరుతో గిల్లినట్టు చిన్న నొక్కు పడింది. పిల్లాడికి పన్ను మొలిచింది. ఇంతవరకూ శుభమే. గాటు పైన పడిందంటే మొలిచింది పైపన్ను. వచ్చిన చిక్కల్లా అదే. పిల్లలకి ముందు కింది పళ్ళు రావాలి. పైపన్ను ముందొస్తే మేనమామకి గండం అని మనవాళ్ళ నమ్మకం. మామ్మ లెక్కలో దానికి ఇంకో షరతు కూడా ఉంది. కింది పళ్ళు వచ్చేదాకా ఆ మేనమామ ఊరు దాటకూడదు. ఆ పిల్లాడికి ఉన్నది ఒక్కడే మేనమామ. ఆ ఒక్కడూ అప్పుడు పెరట్లో నిలబడి, విశాఖపట్నంలో సముద్రం చూడబోతున్నానని ఈల వేస్తున్నాడు.

"సోమారం నేదు, మంగలారం నేదు. నువ్వు గడప దాటితే నామీద ఒట్టు," అంది మామ్మ. నేను సైన్సు చెప్పాను. పళ్ళకీ గండాలకీ సంబంధం లేదన్నాను, దంతం నిర్మాణం బొమ్మ గీసి చూపించబోయాను. ఆవిడ వినలేదు. దానికి కారణం ఉంది. ఆవిడ మొదటి బిడ్డకి పైపన్ను ముందొచ్చింది. ఆ ఏడే ఆవిడ తమ్ముడు నాగావళి వరదలో పడవ తిరగబడి పోయాడు. ఆ మొదటి బిడ్డ మరెవరో కాదు, మా నాన్నే. అందుకని ఇంట్లో ఏ విషయంలోనైనా అధికారం చెలాయించే మా నాన్న, పళ్ళ మాట వస్తే మాత్రం తల దించుకుని కొట్టుకి వెళ్ళిపోయేవారు. ఇక నేను ఎవరితో మొర పెట్టుకోను?

ఆ మధ్యాహ్నం నాకొక ఉపాయం తోచింది. పిల్లాడు కుర్చీ గుడ్డలో వెల్లకిలా పడుకుని, తల వెనక్కి వాల్చి కొరికి ఉంటే? అప్పుడు కింది పన్నే పైకి వస్తుంది కదా. గాటు కింది పన్నుదే అవుతుంది. బి.యస్సీ. చదివినవాణ్ణి, ప్రయోగం చేయకుండా ఏదీ చెప్పకూడదు. ఎవరూ లేకుండా చూసి నాన్న కుర్చీలో వెల్లకిలా పడుకుని, మెడ వెనక్కి వంచి, కుర్చీ చేతిని నోట్లో పెట్టుకుని గట్టిగా కొరికాను. సరిగ్గా అప్పుడే నాన్న ఎచ్చెర్ల నుంచి వచ్చిన ధాన్యం షావుకారుని వెంటబెట్టుకుని లోపలికి వచ్చారు. నా నోట్లో కుర్చీ ఉంది కాబట్టి నేను మాట్లాడే వీలు లేదు. షావుకారు మాత్రం చాలా మర్యాదస్తుడు. "అబ్బాయికి విశాపట్నంలో ఉజ్జోగం అన్నారు, ఈ బాబుకేనా?" అని అడిగాడు. "ఈ బాబుకే," అన్నారు నాన్న. షావుకారు వెళ్ళాక నాన్న నా దగ్గరికొచ్చి, "నీకూ పళ్ళొస్తన్నాయేటిరా?" అన్నారు. నా ప్రయోగఫలితం వినడానికి ఇంట్లో ఎవరూ ఇష్టపడలేదు.

ఇక మిగిలిన దారి పిల్లాడి నోరు తెరిచి చూడడం. చెప్పినంత తేలిక కాదు. అంతవరకూ ప్రపంచంలో ప్రతి వస్తువుకీ నోరు తెరిచిన ఆ మహానుభావుడు, మేం చూడాలనుకున్న క్షణం నుంచి పెదాలు బిగించేశాడు. నోట్లో వేలు పెడితే కొరకలేడని కొందరు అమాయకుల గురించి అంటారు. మావాడు ఆ కోవలోకి రాడని శనివారం సాయంత్రానికి నా రెండు వేళ్ళూ సాక్ష్యం చెప్పాయి. కొరికిన ఆ క్షణంలో పన్ను పైనుంచి దిగిందో కిందనుంచి దిగిందో గమనించే నిదానం ఎవరికుంటుంది?

ఆదివారం పొద్దున్న అప్ప వాడికి పప్పన్నం పెడుతుంటే నేను ఎదురుగా కోతిలా గెంతాను. వాడు విరగబడి నవ్వాడు. నేనూ అప్పా ఒకేసారి చూశాం. పై చిగురు మీద తెల్లగా బియ్యపు నూకలా ఒక్క పన్ను. కింద ఏమీ లేదు. సముద్రం, జీతం, కొత్త చొక్కాలు, అన్నీ ఆ నూకంత పన్ను కిందపడి నలిగిపోయాయి. అప్ప ఒక్క నిమిషం నన్ను చూసి, గొంతు తగ్గించి, "నువ్వు సూళ్ళేదు, నాను సూళ్ళేదు. నా మాటిను," అంది. చిన్నప్పుడు మామిడి తాండ్ర దొంగతనాలకి ఆవిడే నాకు గురువు. ఆ ముఖం చూస్తే నాకు ప్రాణం లేచివచ్చింది.

పథకం ఇదీ. మామ్మకి కళ్ళు కనిపించవు, వేలితో తడిమి తెలుసుకోవాలి. మామూలుగా పిల్లాణ్ణి ఆవిడకి ఎదురుగా కూర్చోబెడితే పైది పైనే తగులుతుంది. అలా కాకుండా, పిల్లాడి తల ఆవిడ ఒడిలోకీ కాళ్ళు అప్ప వైపుకీ ఉండేలా పడుకోబెడితే, పై చిగురు ఆవిడకి దగ్గరగా, కింద ఉన్నట్టు తగులుతుంది. తల్లకిందులు చేసిన చిన్న సర్దుబాటు, అంతే. (ఈ ఆలోచన అప్పది. దానికి శాస్త్రీయమైన వివరణ మాత్రం నాది.) "మామ్మా, నోరు తెరిసినాడు, బేగి సూడు," అని అప్ప కేకేసింది. మామ్మ వచ్చి కూర్చుంది, మేం తల ఒడిలో పెట్టాం, ఆవిడ చూపుడువేలు పిల్లాడి నోట్లోకి వెళ్ళింది. వెళ్ళి, ఒకచోట ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. ఆవిడ వేలు తీయకుండానే, "పెట్టె సర్దీసుకున్నావేటిరా?" అని అడిగింది. "బుధవారమే సర్దీసుకున్నాను మామ్మా," అన్నాను.

"కిందదే," అంది మామ్మ వేలు తుడుచుకుంటూ. "ఎల్లు. ఎల్లి సేరు."

అలా బయటపడ్డాను. బయటపడ్డాక తెలిసింది, మామ్మని మోసం చేయగలిగాను కానీ ఆ పన్ను పైదేనని తెలిసినవాణ్ణి నేనే కదా అని. సైన్సు చదివిన నేను బస్సులో కిటికీ పక్క సీటు వద్దన్నాను, వంతెన వచ్చినప్పుడల్లా ముందు సీటు కడ్డీ పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. విశాఖపట్నంలో మొదటి నెలంతా రోడ్డు దాటాలంటే ఎవరైనా ముసలమ్మ దాటేదాకా ఆగి ఆవిడ పక్కనే నడిచేవాణ్ణి (గండం నన్ను గుర్తుపట్టదని). అంతగా చూడాలనుకున్న సముద్రాన్ని రెండు నెలలపాటు దూరం నుంచే చూశాను. ఆఫీసులో వాళ్ళు నన్ను చాలా నిదానస్థుడని మెచ్చుకున్నారు.

మూడు నెలలు గడిచాక సెలవు దొరికి ఇంటికి వెళ్ళాను. సెదపురుగుకి కింద రెండు, పైన రెండు పళ్ళొచ్చాయి, కుర్చీ చేతులు రెండూ సాపు చేయించాల్సిన స్థితికి వచ్చాయి. మామ్మ మాత్రం సగమైపోయింది. ఏమైందని అప్పని అడిగాను. "నువ్వెల్లిన్నాటి నుంచి రాత్రిపూట కూడు మానేసినాది. ఏటంటే అరగతం నేదు అనీది. యాభై రోజులు. ఈడి కింది పళ్ళు రెండూ తగిలిన్నాడు, రాత్రి తానే కంచం అడిగి, సారూ అన్నం తిన్నాది," అని అప్ప నా వైపు చూడకుండా చెప్పింది. ఏడుగురు బిడ్డల నోళ్ళు కడిగిన వేలికి ఏది పై దవడో ఏది కింది దవడో తెలియదనుకున్నాం, మేమిద్దరం. నాకు చాలా సిగ్గేసింది. వెళ్ళి మామ్మ పక్కన కూర్చుని, "ఆ రోజు నీకు తెలిసిపోయింది కదా?" అని అడిగాను.

"నాకు కళ్ళు అగుపించవు కదరా," అంది మామ్మ. "మీరు ఏటి సూపిస్తే అదే సూసినాను. ఉజ్జోగం బాగున్నాదా?"

ఇప్పుడు నాకూ కళ్ళు మసకే. మొన్న మా మనవరాలు ఫోన్‌లో తన ఉద్యోగం ఆర్డరు నా ముఖం దగ్గర పెట్టి, "చూడు తాతా, హాస్టలు ఆఫీసుకి పక్కనే, నైట్ డ్యూటీలేమీ ఉండవని రాశారు," అంది. ఎంత తొందరగా చదివేసిందో, అంత తొందరగా ఫోన్ వెనక్కి తీసుకుంది. నా కళ్ళజోడు జేబులోనే ఉంది. తీయలేదు. "బాగుందమ్మా, వెళ్ళి చేరు," అన్నాను. ఆ రాత్రి భోజనానికి పిలిస్తే అరగడం లేదని చెప్పి పడుకున్నాను. ఒక్క పూటకే సుమండీ, మామ్మంత ఓపిక నాకెక్కడిది. మర్నాడు పొద్దున్నే లేచి నాలుగు ఇడ్లీలు తిన్నాను.