‘పాడారు’ కాదు, ‘పాడింది’

నూజివీడులో మాకు చిన్న డీటీపీ షాపు ఉంది. మావారు మామిడి కమీషన్ వ్యాపారం మీద తోటల వెంట తిరుగుతుంటారు, షాపు నేనే చూసుకుంటాను. వేసవిలో మామిడి అట్టపెట్టెల లేబుళ్ళు, మిగతా రోజుల్లో పెళ్ళికార్డులు, కరపత్రాలు. వచ్చిన కాగితంలో తప్పు కనిపిస్తే అడక్కుండానే దిద్దేయడం నాకు అలవాటు. గొడవంతా ఆ అలవాటు దగ్గరే మొదలైంది.

రెండేళ్ళ కిందట, కోతలు అయిపోతున్న రోజుల్లో, బాపులపాడు వైపు నుంచి ఒక రిటైర్డ్ టీచరుగారు వచ్చారు. వాళ్ళ చర్చిలో స్త్రీల సంఘానికి ఆమే పెద్ద. ఆ సంఘంలో చాలామంది తోటల్లో కూలికి వెళ్ళేవాళ్ళు. వాళ్ళ కూటానికి ఒక చిన్న పుస్తకం కావాలన్నారు. ఆపద గట్టెక్కాక, యుద్ధం గెలిచాక ఆడవాళ్ళు పాడిన పాటల గురించి, హెబ్రీయుల పాత లేఖనాల్లో ఉన్నవాటిని ఆమే విడమరిచి రాశారు.

మాది పూజా పునస్కారాల ఇల్లు. ఆ కథలు నాకు టైపు చేస్తూనే తెలిశాయి. ఒకావిడ ఖర్జూర చెట్టు కింద కూర్చుని జనానికి తీర్పులు చెప్పేది. శత్రువులు ఇనుప రథాలతో మీదికొస్తే సేనాపతిని పిలిపించి యుద్ధానికి వెళ్ళమంది. నువ్వు వస్తే వెళ్తాను, రాకపోతే వెళ్ళనన్నాడు ఆ మగాడు. ఆమె వెళ్ళింది. గెలిచారు. తర్వాత పాట. టీచరుగారి రాతలో ‘ఆ రోజు ఆమె, ఆ సేనాపతి ఇలా పాడింది’ అని ఉంది. పొరపాటు పడ్డారనుకుని ‘పాడారు’ అని దిద్దాను.

ప్రూఫు చూస్తూ ఆమె ఆ మాట దగ్గర వేలు పెట్టారు.

“ఇది నేను రాసింది కాదండీ.”

“ఇద్దరు గదండీ. ‘పాడింది’ అంటే తప్పవుతుందని మార్చాను.”

“హెబ్రీలోనూ అలాగే ఉందండీ. పేర్లు రెండున్నాయి. క్రియ మాత్రం ఒక్క మనిషిది, అదీ ఆడమనిషిది. మీకు తప్పుగా కనపడితే కనపడనివ్వండి. ఉంచేయండి.”

చదువుకునే రోజుల్లో ఆమె రెండేళ్ళు హెబ్రీ నేర్చుకున్నారట. ఆ పాట చివర్లో నన్ను ఇబ్బంది పెట్టిన చోటు ఒకటుంది. చచ్చిపోయిన శత్రు సేనాపతి తల్లి కిటికీలోంచి చూస్తూ, కొడుకు రథం ఇంకా రాలేదేమని అడుగుతుంది. పాట ఆమెను వెక్కిరిస్తుంది. అది తీసేస్తే బాగుంటుందేమో అన్నాను.

“నాకూ అక్కడ కష్టంగానే ఉంటుంది,” అన్నారు. “కానీ ఆడవాళ్ళ పాట గదా అని మెత్తగా చేసి పెట్టను.”

మూడో రోజు, టీచరుగారి దగ్గర ప్రూఫు చూశానంటూ ఆ చర్చి పెద్ద ఒకాయన వచ్చారు. ఏటా చర్చి క్యాలెండర్లు ఆయన చేతి మీదుగానే మా షాపుకి వచ్చేవి.

“మీవారు లేరా అమ్మా?”

“తోటకెళ్ళారండీ. షాపు పని నాదే, నాతో చెప్పండి.”

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “ఆ పుస్తకంలో ఒక మాట మార్చాలి. సేనాపతి పేరు ముందు పెట్టి, ‘పాడారు’ అని వేయండి. ‘పాడింది’ ఏంటమ్మా, గొడ్డు అరిచింది అన్నట్టు. ‘రు’ పెడితే మర్యాదగా ఉంటుంది.”

ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు. మన తెలుగులో ఆడదానికీ, ఆవుకీ, అలమరకీ ఒకటే క్రియ. కానీ ఆయన పెట్టమన్న ‘రు’ కింద ఆమె ఉందో లేదో ఎవరికీ కనపడదు. మర్యాద దుప్పటి కప్పి మనిషిని మాయం చేయడం నేను మా ఇళ్ళల్లో బోలెడు చూశాను.

“రాసిచ్చినవాళ్ళు చెబితే మారుస్తానండీ,” అన్నాను.

“పెద్దలం, మేం చెబుతున్నాం గదమ్మా.”

“ఆర్డరిచ్చింది ఆవిడండీ.”

ఆయన నా ఎదుటే మావారికి ఫోన్ చేసి, విషయం చెప్పి, ఫోను నా చేతికిచ్చారు.

“ఒక్క మాటే గదా,” అన్నారు మావారు. “మార్చేస్తే మనకి పోయేదేముంది?”

“ఉంచితే ఆయనకి పోయేదేముంది?”

“నీ ఇష్టం,” అని పెట్టేశారు. పెద్దాయన లేచి వెళ్ళిపోయారు. ఇంకెవరైనా వచ్చి మనసు మారుస్తారేమోనని కాపీలన్నీ అప్పటికప్పుడే ప్రింటు తీసేసి, కుట్టించేశాను.

కూటం ముందురోజు టీచరుగారు ఫోన్ చేశారు. ఆ పెద్దాయన చర్చి హాలు తాళం ఇవ్వనన్నారట. వాళ్ళ సంఘంలో ఒకామె భర్త కాపలా ఉండే తోటలో పెట్టుకుంటున్నామన్నారు. పుస్తకాలు తెచ్చుకోవడానికి మనిషి లేరంటే, నేనే ఆటోలో వేసుకుని వెళ్ళాను.

కోతలయిన తోట. విరిగిన ప్లాస్టిక్ ట్రేలు బోర్లించుకుని, గోనెసంచులు పరుచుకుని ముప్పై మంది దాకా ఆడవాళ్ళు కూర్చున్నారు. రెండు కంజిరలు ఉన్నాయి. టీచరుగారు ఇంకో పాట సంగతి చెబుతున్నారు. ఇటుకలు చేసి చేసి చేతులు కాయలు కాసిన బానిసలు సముద్రం దాటారు, వెనక తరిమిన సైన్యం మునిగిపోయింది. అప్పుడు ఒకావిడ కంజిర అందుకుంది, ఆడవాళ్ళంతా కంజిరలు పట్టుకుని ఆమె వెనక ఆడుతూ కదిలారు.

మామిడి సొనకు పొక్కిన చేతుల మనిషి ఒకామె అడిగింది. “పిండి పులిసేదాకా కూడా ఆగకుండా వచ్చేశారంటిరి. అంత తొందరలో కంజిరలెందుకు సర్దుకున్నారమ్మా?”

టీచరుగారు జవాబు చెప్పేలోపే వెనక నుంచి ఇంకొకామె అంది. “గెలుస్తామని తెలిసే.”

ఆ పాటే ఎత్తుకున్నారు. నాట్ల పాట నడకలో కట్టుకున్నారు దాన్ని. సగంలో ఉండగా గేటు దగ్గర మోటార్ సైకిళ్ళు ఆగాయి. ఆ పెద్దాయన, ఇంకో ఇద్దరు లోపలికొచ్చారు.

“ఎవర్ని అడిగి పెట్టారు ఇక్కడ?”

పాట ఆగలేదు. అందరికన్నా వయసులో పెద్దామె కంజిర వాయిస్తూనే తల తిప్పింది. “పాటయ్యాక మాట్లాడుకుందాం, కూర్చోండయ్యా.”

వాళ్ళు కూర్చోలేదు. పాట అయింది. ఆ ముసలామె ఆయన వైపు చూసింది, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. అందరూ అందుకున్నారు. నాకు రాగం రాకపోయినా పుస్తకం చూసి పాడాను. మూడోసారి మొదలుపెట్టేసరికి వాళ్ళు బళ్ళు తిప్పుకుని వెళ్ళిపోయారు.

తర్వాతి నెలలో టీచరుగారిని స్త్రీల సంఘం పదవి నుంచి తీసేశారు. క్యాలెండర్ల పని హనుమాన్ జంక్షన్‌లో వేరే షాపుకి వెళ్ళిపోయింది. మావారు కొన్నాళ్ళు ముభావంగా ఉన్నారు, తర్వాత మామూలయ్యారు. టీచరుగారి స్థానంలో ఇంకొకరిని పెట్టాలని చూస్తే ఒక్క ఆడమనిషీ ఒప్పుకోలేదట. అది ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

వాళ్ళు మాత్రం ఆదివారం మధ్యాహ్నాలు తోటలో కలుస్తున్నారు. వీలైనప్పుడల్లా నేనూ వెళ్తున్నాను. ఏ దేవుణ్ణి కొలుస్తావని నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ మధ్య పూతకు మందు కొడుతున్నామని తోట యజమాని రావద్దంటే, పక్క తోట గట్టు మీద వరసగా కూర్చుని పాడుకున్నారు.