మా నాయన మోకాలికి నేను చేసిన సవరణ

నా చేతులతో నేను చెడగొట్టినవి చాలా ఉన్నాయి. మాడ్చిన అన్నాలూ, ఇరుగ్గా కుట్టిన రవికెలూ లెక్కలోకి రావు. మా నాయన మోకాలినీ, పంజాగుట్టలో ఒక చైనా వైద్యుడి బతుకునూ ఒకే మధ్యాహ్నం చెడగొట్టిన ఘనత మాత్రం నాది. చెబుతాను, నవ్వండి. నేనూ నవ్వాలనే చూస్తున్నాను.

చైనాతో యుద్ధం నడుస్తున్న రోజులు. నేను నర్సు చదువులో చేరి ఆరు నెలలైంది. ఆరు నెలల నర్సుకు తెలియనిది లోకంలో ఉండదండీ, సందేహాలన్నీ ఆరేళ్ళు పనిచేశాకే మొదలవుతాయి. మా నాయన వడ్రంగి, మా చర్చిలో సంఘ పెద్ద. గొంతుక్కూర్చుని చెక్కలు కోసి కోసి ఆయన ఎడమ మోకాలు బిగుసుకుపోయింది. మా చర్చిలో ప్రభు భోజనం, అంటే రొట్టే ద్రాక్షరసమూ, మోకాళ్ళూని తీసుకుంటారు. నాయన ఏడాదిగా నిలబడే తీసుకుంటున్నాడు.

"దేవుని ముందర గుంజ లెక్క నిలబడుతున్న బిడ్డా" అని కుమిలిపోయేవాడు.

అప్పట్లో సైకిలు మీద సిల్కు గుడ్డలు అమ్ముతూ, కీళ్ళ నొప్పులకు సూదులు గుచ్చే చైనా ఆయన ఒకాయన అమీర్‌పేట నుంచి మా పంజాగుట్టకు వచ్చేవాడు. మూడుసార్లు గుచ్చేసరికి నాయన మోకాలు సగం వంగింది. వచ్చే ఆదివారమే ప్రభు భోజనం. ఇంకొక్కసారి గుచ్చితే చాలని చైనా ఆయన అన్నాడు.

ఆ నాలుగోసారికి నేను సెలవు మీద ఇంట్లో ఉన్నాను. చూస్తే మతిపోయింది. నొప్పి ఎడమ మోకాలికి, సూదులు కుడి మోచేతికి!

"గిదేం వైద్యం? నొప్పెక్కడ, సూదెక్కడ?" అని నిలదీశాను.

"సూది తొవ్వ సూదికి ఎరుక, బేటీ. ముట్టకు. చాయ్ తాగి వస్త" అని వచ్చీరాని మాటల్లో చెప్పి, సూదులు అలాగే ఉంచి బయటికి వెళ్ళాడు.

ఆయన సందు తిరిగాడో లేదో, నేను రంగంలోకి దిగాను.

"నాయనా, గాయన తప్పు చేసిండు. సూది నొప్పున్న కాడనే గుచ్చాలె. మాకు క్లాసుల చెప్పిన్రు."

ఎవరూ చెప్పలేదు. అప్పటికి మాకు నేర్పింది దుప్పట్లు మడవడం ఒక్కటే.

"ముట్టద్దన్నడు గద బిడ్డా?"

"గాయన నర్సా, నేను నర్సా?"

"నువ్వే" అన్నాడు నాయన, గర్వంగా.

అయిదు సూదులూ పీకి మోకాలిలో దించాను. నాయన పెట్టిన కేకకు బేగంపేటలో విమానాలు దిగడం మానుకున్నాయో లేదో గానీ, వాడకట్టంతా మా గుమ్మంలో వాలింది. నిమిషాల్లో మోకాలు గుమ్మడికాయంత అయింది. జనాన్ని తోసుకుంటూ చైనా ఆయనా వచ్చాడు. మోచేయి చూశాడు, మోకాలు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను ఇంటి పెంకులు లెక్కపెట్టుకుంటున్నాను.

"ఎవరు చేసిన్రన్నా గిట్ల?" అని పక్కింటాయన అడిగాడు.

అది నేను నోరు విప్పాల్సిన సమయం. అంతసేపూ ఆగకుండా ఆడిన నోరు అప్పుడే మూతపడింది. ఈ సంగతి నేను చదివే ఆస్పత్రిలో తెలిస్తే నా చదువు ఆగిపోతుంది. నాయన నా వైపు ఒక్కసారి చూశాడు.

"గా చైనా ఆయనే" అన్నాడు.

చైనా ఆయన నాయన మోకాలి దగ్గర కూర్చున్నాడు. ఒక్కొక్క సూదీ మెల్లగా తీసి, తుడిచి, డబ్బాలో పెట్టుకున్నాడు. "మంచిగ చదువు బేటీ" అని నాతో చెప్పి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పంజాగుట్టలో ఆయన చేత ఎవరూ సూది వేయించుకోలేదు, సిల్కు కూడా కొనలేదు. కొన్నాళ్ళకు సైకిలు కనబడడం మానేసింది. నాకు సిగ్గేసింది, ఇప్పటికీ వేస్తుంది.

ఆదివారం అందరూ మోకాళ్ళూనారు. నాయన ఒక్కడే నిలబడ్డాడు. తిరిగి వస్తుంటే దారిలో అడిగాను.

"మస్తు నొస్తుందా నాయనా?"

"నొప్పి ఫికర్ లేదు బిడ్డా. అబద్ధమాడిన. మోకాలూని మాఫీ అడుగుదామంటె, గది వంగుతలేదు."

కాబట్టి, నలభై ఏళ్ళు నర్సుగా పనిచేసిన నేను మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ముట్టవద్దన్నది చచ్చినా ముట్టను. "ఎవరు చేశారు?" అని అడిగితే అందరికంటే ముందు నేనే చెయ్యెత్తుతాను. మళ్ళీ ఎవరైనా అడుగుతారేమోనని అప్పటి నుంచీ చూస్తున్నాను, ఎవరూ అడగలేదు.