చేతిలో ఇనుము

నెల్లూరులో నేను మొదట పనిచేసిన స్కానింగ్ సెంటర్‌లో, ఎమ్మారై గది తలుపు బయట ఒక చెక్క బల్ల ఉండేది. ఆ బల్ల మీద కూర్చోకుండా లోపలికి పోయిన మనిషి లేడు. పెద్ద ఆఫీసరైనా, విడవలూరు నుంచి బస్సెక్కి వచ్చిన రైతైనా ముందు అక్కడ కూర్చుని మా అక్క అడిగిన వాటన్నిటికీ జవాబు చెప్పాల్సిందే. ఆవిడ నాకు సొంత అక్కేం కాదు, సెంటర్‌లో ఆయా. నాకంటే పాతికేళ్లు పెద్దది. డాక్టరుగారితో సహా అందరం అక్కా అనే పిలిచేవాళ్లం. నేను అప్పుడే కోర్సు పూర్తిచేసి టెక్నీషియన్‌గా చేరాను. రోగిని స్కాన్‌కు సిద్ధం చేసే బాధ్యత కాగితం మీద నాది. ఆ పని నిజంగా చేసేది అక్క.

నా దగ్గర అచ్చు వేసిన ఫారం ఉండేది. గుండెలో పేస్‌మేకర్ ఉందా, ఎముకకు రాడ్డు వేశారా, చెవిలో మిషన్ పెట్టించారా, కంట్లో ఎప్పుడైనా ఇనప రజను పడిందా, గర్భమా... నేను గడగడా చదివేదాన్ని, వాళ్లు గడగడా తల అడ్డంగా ఊపేవాళ్లు. అక్క ఆ ఫారం వైపు కన్నెత్తి కూడా చూసేది కాదు. ఎదురుగా చిన్న స్టూలు వేసుకుని కూర్చుని, "యా వూరు మనది?" అని మొదలుపెట్టేది. ఊరి నుంచి పనిలోకి, పనిలోంచి ఒంట్లోకి వచ్చేది. ఎదుటి మనిషి వెల్డింగ్ పని అన్నాడంటే చాలు, "కంట్లో రవ్వ పడి ఆసుపత్రికి పోయినావా ఎప్పుడన్నా?" అనేది. నాకు లేదని చెప్పిన మనిషే అక్కకు మాత్రం, "రెండేళ్ల కింద పడిందక్కా, ఇంకా గరగరమంటానే ఉంటాది" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. అదే ప్రశ్న నేనూ అడిగాను కదా!

ఆడవాళ్లయితే ఇంకో తంతు. మన ఆడవాళ్లు పిన్నీసు లేకుండా ఇల్లు కదలరు. పైటకొకటి, గాజులకు రెండు, మంగళసూత్రానికి ఎందుకైనా మంచిదని నాలుగు. అక్క వాటన్నిటినీ తీయించేది. తాళి తీయమంటే కొంతమందికి కళ్లలో నీళ్లు తిరిగేవి. వాళ్ల కోసం అక్క ఇంటి దగ్గర నుంచే పసుపు తాళ్లు తెచ్చి పెట్టుకునేది. పసుపు కొమ్ము కట్టిన తాడు ముందు మెడలో వేయించి, ఆ తర్వాతే బంగారం తీయించేది. మెడ ఒక్క క్షణం కూడా బోసిగా ఉండేది కాదు. ఆ పని చేయమని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆవిడైతే తన జాకెట్టుకు హుక్కులన్నీ పీకేసి గుడ్డ ముడులు కుట్టుకుంది. గదిలోకి పోయే ప్రతిసారీ వెతుక్కునే బాధ లేకుండా.

"కరెంటు పోయినా దీని లాగుడు పోదు మే. ఆదివారం మనం ఇంట్లో కూసోనున్నా ఇది లాగతానే ఉంటాది" అని నేను చేరిన రోజే చెప్పింది. స్కాన్ ఆపితే చప్పుడు ఆగుతుంది తప్ప అయస్కాంతం ఆగదు. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆయా నాకు చెప్పడమేంటని మనసులో నవ్వుకున్నాను.

చప్పుడుకు భయపడేవాళ్లకు ఆవిడ బల్ల మీద పిడికిలితో కొట్టి చూపించేది. టకటకటక, ఆగి, డబ్‌డబ్‌డబ్. "పడవ ఇంజను పక్కన పొణుకున్నట్టు ఉంటాది, అంతే" అనేది. ఆ బల్ల చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఇప్పుడు పనిచేసే చోట రోగులకు టీవీలో వీడియో వేసి చూపిస్తాం. మంచి వీడియోనే. దాన్ని ఎవరూ చూడరు.

ఒకరోజు సూళ్లూరుపేట అవతల, పులికాట్ ఒడ్డున ఉండే ఊరి నుంచి ఒక తండ్రి పదహారేళ్ల కూతుర్ని తీసుకొచ్చాడు. సరస్సులో చేపలు పట్టుకునే మనిషి. పిల్లకు ఏడాదిగా ఫిట్స్. మాత్రలు మింగుతున్నా తగ్గడం లేదు. తలలో గడ్డ ఉంటే ఆపరేషన్, లేకపోతే మాత్రలు మార్చాలి, ఏ సంగతీ ఫోటో చూడకుండా చెప్పలేమన్నారు డాక్టర్లు. అప్పటికే వేరే చోట రెండుసార్లు పడుకోబెడితే భయపడి మధ్యలో లేచొచ్చేసింది. "ఈసారన్నా ఫోటో రావాలమ్మా. ఈ గడ్డ మాటతో మా ఇంట్లో పొయ్యి కూడా సరిగా వెలగడం లా" అన్నాడాయన.

అక్క ఆ పిల్లతో గంటసేపు కూర్చుంది. కమ్మలు, పట్టీలు, జడలో పిన్నులు, మెడలో తాయెత్తు అన్నీ విప్పించి బీరువాలో పెట్టి, తాళాలగుత్తి నా టేబుల్ మీద పెట్టింది. పెద్ద పెద్ద పాతకాలం ఇనప తాళంచెవులు. "నేను లోపల నీ కాలు పట్టుకోనే ఉంటా. నీకు బయమేస్తే వేలు కదిలించు" అని పిల్లకు చెప్పింది. తండ్రికి నేల మీద ఎర్రగీత చూపించి, ఏం జరిగినా అది దాటొద్దంది.

పది నిమిషాలు బాగానే సాగింది. ఉన్నట్టుండి తెర మీద బొమ్మ చెదిరింది. అద్దంలోంచి చూస్తే పిల్ల కాళ్లు ఎగిరెగిరి పడుతున్నాయి. స్కాన్ ఆపాను. ఆ నిశ్శబ్దంలో నా వెనక నుంచి తండ్రి కేక పెట్టాడు.

"ఇనుము! బిడ్డ చేతిలో ఇనుము పెట్టండమ్మా!"

టేబుల్ మీదున్న తాళాలగుత్తి తీసుకుని నేను లోపలికి పరుగెత్తాను.

మా తమ్ముడికి పదేళ్లు వచ్చేదాకా ఫిట్స్ ఉండేవి. మాది ప్రార్థనలు చేసుకునే ఇల్లు. ఇలాంటి నమ్మకాలు లేవని మా అమ్మ అందరికీ చెప్పేది. కానీ వాడికి ఫిట్స్ రాగానే నోట్లో ప్రార్థన, వాడి చేతిలో రొంటినున్న తాళాలగుత్తి, రెండూ ఒకేసారి జరిగేవి. అమ్మ పొలానికి పోయిన రోజుల్లో ఆ గుత్తి వాడి గుప్పిట్లో పెట్టి బిగించి పట్టుకున్నది నేనే. ఇనుముకూ ఫిట్స్‌కూ సంబంధం లేదని చదువుకున్నాను. ఆ చదువంతా ఆ క్షణంలో ఎటు పోయిందో! ఎవరికైనా ఒళ్లు కొట్టుకుంటే నా చేతులు ఇనుము కోసం వెతుకుతాయి. అంతే.

గడప దాటి రెండడుగులు వేశాను. గుత్తి నా చేతిలో తనంతట తాను ముందుకు లేచింది. అది నేను విసిరింది కాదు, వదిలింది కాదు. వేళ్లను లాగుతోంది. ఎదురుగా మిషన్ గొట్టం నడుమ పిల్ల తల ఉంది. గుత్తి జారితే సరిగ్గా అక్కడికే పోతుంది.

అక్క అప్పటికే పిల్లను బయటికి లాగడానికి మిషన్ బల్ల కదిలిస్తోంది. నన్ను చూసింది. పిల్లను వదిలేసి వచ్చి, రెండు చేతులతో నా రొమ్ము మీద ఒక్క తోపు తోసింది. నేను వెల్లకిలా వరండాలో పడ్డాను. గుత్తి నాతోపాటే బయట పడింది. అక్క వెనక్కి పోయి, బల్ల లాగి, పిల్లను ఇనుము లేని బండి మీదికి ఎత్తుకుని ఎర్రగీత బయటికి తెచ్చి పక్కకు తిప్పి పడుకోబెట్టింది. డాక్టరుగారు మేడ మీద నుంచి వచ్చి సూదిమందు ఇచ్చారు. కాసేపటికి పిల్ల కళ్లు తెరిచింది.

"మద్దెలో ఫిట్సు వచ్చింది సార్, బయటికి తీసినాం" అని మాత్రం చెప్పింది అక్క. గుత్తి ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఎప్పుడు తీసి పెట్టిందో నేను చూడలేదు. నేను బాత్‌రూంలో ఏడుస్తుంటే తలుపు కొట్టింది. "ఏడ్సేది తర్వాత. ఆ పాప కమ్మలు, పట్టీలు ఇచ్చి రాపో."

అవి తీసుకుని వెళ్లేసరికి తండ్రి అక్క మీద విరుచుకుపడుతున్నాడు. వరండాలో అందరూ చూస్తున్నారు. "బిడ్డ గిలగిలా కొట్టుకుంటా ఉంటే వదిలిపెట్టి వచ్చినావే! ఇనుము తెచ్చే ఆ తల్లిని తోసేసినావే! నువ్వు ఆడదానివేనా? నీకు బిడ్డల్లేరా?"

"ఉండారు నాయనా" అంది అక్క. దుప్పటి మడత పెట్టుకుంటూ ఉంది.

నేను ఒక్క మాట చెబితే సరిపోయేది. తప్పు నాదండీ, ఈవిడ తోయకపోతే మీ పాప తల పగిలేదండీ అని. చెప్పలేదు. డాక్టరుగారు వింటే ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, కాదనను. కానీ అదొక్కటే కాదు. ఆయన నా వైపు తిరిగి చేతులెత్తి దండం పెట్టాడు. ఆ దండం నాకు బాగుంది. సిగ్గులేకుండా బాగుంది.

పదిరోజుల తర్వాత వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి మత్తు డాక్టరును పెట్టి తీయాలని నిర్ణయించారు. అక్క బిడ్డను ముట్టుకోకూడదని తండ్రి గట్టిగా చెప్పేశాడు. కాబట్టి పిల్లను నేనే సిద్ధం చేశాను. ఫారమంతా చదివాను, అన్నీ తీయించాను. లోపలికి తీసుకుపోవడానికి లేపబోతూ చూస్తే వరండా చివర నిలబడి అక్క తన జడ పట్టుకుని చూపిస్తోంది. పిల్ల జడ విప్పి చూశాను. పాయల్లో ఒక పిన్ను మిగిలిపోయి ఉంది.

ఫోటో వచ్చింది. గడ్డ లేదు, ఎప్పటిదో చిన్న మచ్చ. మాత్రలు మారిస్తే తగ్గిపోతుందన్నారు. తండ్రి అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు. పోతూ పోతూ, తెల్లవారి పట్టి తెచ్చిన రొయ్యల డబ్బా నా చేతిలో పెట్టాడు. "ఆ పొద్దు మా బిడ్డ కోసం ఉరికింది నువ్వొక్కదానివే తల్లీ" అన్నాడు, అక్క వింటుండగానే. నేను తీసుకున్నాను. అక్క డబ్బా మూత ఎత్తి చూసి, "పులికాట్ రొయ్య బో రుచిమే. వేపుడు చెయ్, పులుసు వద్దు" అంది. ఇంట్లో అందరం తిన్నాం.

ఇప్పుడు నేనే స్టూలు వేసుకుని కూర్చుంటాను, యా వూరు మనది అని మొదలుపెడతాను. నాతో పనిచేసే పిల్లలకు నా వరస చూస్తే విసుగు. ఫారం ఉంది కదా మేడమ్ అంటారు. వాళ్లను ఏమీ అనను. ఆ సెంటర్ మూతపడింది, ఆ బల్ల ఏమైందో తెలియదు. అక్కడ గడిచిన రోజులంత మంచి రోజులు నాకు మళ్లీ రాలేదు.

పోయినేడు అక్కను చూడటానికి విడవలూరు వెళ్లాను. మోకాళ్లు పట్టేసి ఇంట్లోనే ఉంటోంది. మంచం మీద కూర్చోబెట్టుకుని, కొత్త మిషన్ ఎట్టా ఉండాది, చప్పుడు తక్కువంట గదా అని అన్నీ అడిగింది. ఇన్నేళ్లు లోపల దాచుకున్నది చివరికి బయటికి చెప్పాను. ఆ తండ్రి అన్ని మాటలు అంటుంటే నీ తరఫున నోరు విప్పలేదక్కా, తప్పు చేశాను అన్నాను. నువ్వేం బాధపడొద్దు, ఎప్పటి సంగతో అంటుందని అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ మాట అనిపించుకుని రావడానికే వెళ్లాను.

అక్క చేతిలోని మజ్జిగ చెంబు కింద పెట్టింది.

"ఆయన తిట్టినందుకు నాకేం లేదు మే. బిడ్డ తండ్రి, అంటాడు. గుత్తితో ఉరికినందుకు గూడా లేదు, అది తెలీక జరిగింది. నువ్వు కమ్మలు చేతిలో పెట్టుకోని వింటా నిలబడినావు చూడు, అదే నాకు ఇప్పటికీ పోలేదు."

కోపంగా అనలేదు. అడిగిందానికి జవాబు చెప్పినట్టు చెప్పి, నా గ్లాసులో ఇంకాస్త మజ్జిగ పోసింది.